తూర్పు వాకిట్లో కడవ

వ్యయ నామ సంవత్సర మాఘ శుద్ధ దశమి, శనివారం. ఇంగ్లీషు లెక్కన 1947 ఫిబ్రవరి ఒకటవ తేదీ. స్థలం కోనమంగళం తూర్పు వాకిలి. సమయం ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలు. హాజరైనవారు: తిరుచానూరు అమ్మవారి దర్శనం ముగించుకుని, ప్రభువుగా మొదటిసారి తన ఊళ్ళో అడుగుపెట్టబోతున్న శ్రీ రాజా చెంగల్రాజు గారు, వయస్సు ఇరవై నాలుగు, దివాను కుప్పుస్వామి మొదలియారు గారు, ఆస్థాన పురోహితులు, బోయీలు, మేళగాళ్ళు, బడిపిల్లలు, సుమారు రెండు వేలమంది జనం, నీరుగంటి వాడకు చెందిన తాయమ్మ, వయస్సు అరవై దాటింది, ఆమె కొడుకు గురప్ప, చివరగా సంస్థానం రికార్డుల అధికారినైన జయరావు అనే నేను.

హాజరైనవారి పట్టికలో తన పేరు చివర రాసుకోవడం మా ఇంటి ఆనవాయితీ. క్రోధి సంవత్సరంలో, అంటే 1904లో, ఇదే వాకిలి దగ్గర జరిగిన పాత దొరగారి ప్రవేశానికి మహజరు, అంటే హాజరైనవారి ఎదుట రాసుకునే అధికారిక నివేదిక, రాసింది మా నాయన. ఆయన పేరు కూడా అందులో చివరనే ఉంది.

కోనమంగళం కార్వేటినగరానికి తూర్పున ఉన్న చిన్న సంస్థానం. ముప్పై రెండు గ్రామాలు, ఒక పెద్ద చెరువు, సగం కూలిన కోటగోడ. ఆ గోడకు మిగిలింది తూర్పు వాకిలి ఒక్కటే. ఇక్కడి ఆచారం ఇది: కొత్త రాజు వాకిలి బయట పల్లకీ దిగాలి. చెరువు తూము కాచి పొలాలకు నీళ్ళు కట్టే నీరుగంటి వాడ నుంచి పెద్దామె కడవతో నీళ్ళు తెచ్చి ఆయన దోసిట్లో పోయాలి. ఆయన తాగాలి. తాగి, "మీ నీళ్ళు తాగినాను, మీ నేల మీదే" అని నలుగురూ వినేటట్టు అనాలి. ఆ మాటతో చెరువు తోక, అంటే చివరి కాలువ, కింది పదకొండు ఎకరాల మాన్యం ఆ రాజు బ్రతికినంతకాలం ఆ వాడలోని ఇరవై ఏడు గడపలది. ఊరు ఆ వాడవారిని అంటదు, వారి నీళ్ళు ముట్టదు. ఊరందరి తరఫునా ఒక్క మనిషి, జన్మలో ఒక్కసారి, వాకిలి బయట నిలబడి తాగుతాడు.

ఈ ఆచారం ఏ కాగితంలోనూ లేదు. రికార్డు గదిలో నాలుగు ప్రవేశాల మహజరులున్నాయి. నాలుగింటిలోనూ ఒకటే వాక్యం: "జలస్వీకారానంతరం ప్రభువులు పురప్రవేశం చేసి, మాన్యములు యథాప్రకారం స్థిరపరచిరి." ఎవరి చేతి జలమో, ఏ పాత్రలోనిదో ఎవరూ రాయలేదు. దస్తూరిలో ఏ తప్పూ లేని మా నాయన కూడా రాయలేదు.

మద్రాసులో ఎం.ఏ. చదివే రోజుల్లో నేను పూర్వపు ఐరోపా రాజుల పురప్రవేశాల మీద పెద్ద వ్యాసం రాశాను. అక్కడ కొన్ని నగరాలలో రాజు తలుపు బయట ఆగి, మీ హక్కులకు భంగం తేనని ప్రమాణం చేసిన తరువాతనే లోపలికి రానిచ్చేవారు. ప్రవేశాన్ని వర్ణించే పుస్తకాలు మాత్రం చాలాసార్లు ప్రవేశానికి ముందే అచ్చయేవి; వానకు తోరణాలు కూలినా పుస్తకంలో ఎండ కాసేది. ఆ సంగతి రాస్తూ అప్పట్లో నవ్వుకున్నాను.

పాత దొరగారు పోయి ఏడాది నిండగానే దివాను గారు నన్ను పిలిపించి ప్రవేశానికి కార్యక్రమ పత్రం తయారుచేయమన్నారు. నెల రోజులు శ్రమపడ్డాను. ఏడు తోరణాలు, ఒక్కొక్క తోరణం కింద ఒక్కొక్క స్వాగత పద్యం, బడిపిల్లల వరుస, మేళం నిలవవలసిన చోటు, పన్నీరు చల్లే చోటు, అన్నీ కొలిచి రాశాను. గుడ్డకు యుద్ధకాలపు కంట్రోలు ఇంకా ఉన్నందువల్ల తోరణాలకు పాత డేరాల గుడ్డ ఎర్ర కావిరంగు వేసి వాడుకున్నాము. పుత్తూరులో అచ్చు వేయించిన ఆ పత్రంలో నాలుగవ అంశం: "తూర్పు వాకిలి వద్ద జలస్వీకారం." రాతలో ఉన్నది ఉన్నట్టు. ఒక్క అక్షరం కలపలేదు. ఐరోపా నుంచి తోరణాలు తెచ్చుకున్నాను. ప్రమాణం మాట నాకు తట్టలేదు.

ప్రవేశానికి వారం ముందు తాయమ్మ మా ఇంటికి వచ్చింది. వీధి అరుగుకు పది అడుగుల దూరంలో నిలబడి పిలిచింది. ఆమె పొడుగాటి మనిషి. ఎడమ భుజం మీద కడవ మోసి మోసి ఆ వైపు కొంచెం ఒరిగి ఉంటుంది.

"సామీ, దొర ఎన్ని గంటలకు వస్తాడో సెప్తే, కడవ తోముకోని వస్తాను. కొత్త కడవ. కుమ్మరి పెంచలయ్య కాడ మూడుసార్లు తిప్పి చూసి తెచ్చినా."

కార్యక్రమ పత్రంలో ఆమె పేరు లేదని చెప్పాను.

"నా పేరు ఏంటికి సామీ? మా యత్త పేరు ఉండిందా? దొర తాగల్ల, మేం పొయ్యల్ల. అంతే గదా."

"దివాను గారిని అడిగి చెబుతాను."

"అడుగు. అడిగితే నీ సొమ్మేం పోదు." ఆమె నవ్వింది. "పెద్ద దొర ఊళ్ళోకొచ్చిన పొద్దు నేను పెండ్లయి నెల. మా యత్త కడవెత్తి పోస్తా ఉంటే నేను కుదురు పట్టుకోని పక్కన నిలబడినా. పెద్ద దొర గటగటా తాగి ఇంగొంచెం పొయ్యమన్నాడు. మీసాలకంతా నీళ్ళు. మా యత్త ఉండబట్టలేక కొంగుతో తుడవబొయ్యింది. ఊరంతా ఒకటే నవ్వు. నువ్వూ నవ్వినావు సామీ, మీ నాయన బుజం మీద కూసోని. నీకప్పుడు ముందర రెండు పండ్లు లేవు."

నాకు గుర్తుంది. మీసాల కొసల నుంచి జారిన నీళ్ళు, చేయి సగం దాకా పోయి ఆగిన ఎర్ర కొంగు, నా కాళ్ళ కింద నాయన భుజాలు నవ్వుతో కదలడం గుర్తున్నాయి. అయినా ఆమెతో ఆ మాట అనలేదు. "చూద్దాంలే" అన్నాను. దివాను గారిని అడగలేదు. అడగడానికి నా దగ్గర కాగితం లేదనుకున్నాను.

ఆ శనివారం ఉదయం దొరగారి కారు ఊరి బయట ఆగింది. అక్కడి నుంచి పల్లకీ. తోరణాల డేరా గుడ్డ గాలికి చప్పుడు చేస్తూ ఉంది. వాకిలి బయట దొరగారు పల్లకీ దిగారు. మీసాలు లేవు, బెంగుళూరులో చదువుకున్న మనిషి, ఎండకు కళ్ళు చిట్లించుకుని నిలబడ్డారు. వెండి గిన్నె, ఉద్ధరిణి పట్టుకుని పురోహితులు ముందుకు వచ్చారు. అదే సమయంలో జనం కుడివైపు పాయలుగా చీలింది. కడవ భుజాన పెట్టుకుని తాయమ్మ, వెనుక కడవ కింద పెట్టే గడ్డి కుదురు పట్టుకుని గురప్ప.

మేళగాళ్ళలో ఎవరో అన్నారు: "అవ్వా, కొత్త దొరకి మీసాలే లేవే! నీళ్ళు యాడ నిలుస్తాయి?"

"నీకుండాయి గదరా, పందికొక్కు మీసాలు. తోముకోడానికి రేపు నీకూ పోస్తాలే," అంది తాయమ్మ నడక ఆపకుండానే. జనం నవ్వారు. దొరగారు కూడా చిరునవ్వు నవ్వారు.

"ఏమిటిది?" అని దివాను గారిని అడిగారు.

"ఒణ్ణుమిల్లే, ఏమీ లేదు ప్రభూ. ఊరివాళ్ళ ముచ్చట. ముహూర్తం దాటిపోతుంది."

"ముచ్చట కాదు దొరా," అంది తాయమ్మ. "మా నీళ్ళు. మీరు తాగల్ల. మీ నాయన తాగినాడు, మీ తాత తాగినాడు. తాగి ఒక మాట సెప్తారు. ఆ మాట మీద మేము బతుకుతాం."

దొరగారు ఆమెను చూశారు, కడవను చూశారు. తరువాత, నేను స్పష్టంగా చూశాను, రెండు చేతులూ దగ్గరికి చేర్చారు. ఇంకా దోసిలి కాలేదు, కాబోతూ ఉంది.

"ప్రభూ, కార్యక్రమంలో ఇది లేదు," అన్నారు దివాను గారు, గొంతు తగ్గించి. అచ్చుకాగితం ఆయన చేతిలోనే ఉంది. "రికార్డులన్నీ చూసి రాసినది. కావలిస్తే జయరావు గారినే అడగండి."

దొరగారు నా వైపు తిరిగారు. "జయరావు గారూ, రికార్డులో ఏముంది?"

"‘జలస్వీకారానంతరం’ అని ఉంది ప్రభూ. ఎవరి చేతి జలమో రాయలేదు."

"ఇదివరకు ఇలా జరిగిందా?"

"ఆధారం కనబడలేదు ప్రభూ."

"ఆదారమా?" తాయమ్మ కడవతోనే నా వైపు తిరిగింది. నీళ్ళు కొన్ని ఒలికి ఆమె మెడ మీద జారాయి. "నువ్వే గదా సామీ ఆదారం! మీ నాయన బుజాన కూసోని సూసినావే. సెప్పు. దొర అడగతా ఉండాడు, సెప్పు."

"మీరు చూశారా?" అన్నారు దొరగారు.

మేళం ఆగిపోయింది. ఎండ, డేరా గుడ్డ చప్పుడు. అప్పుడు నేనన్న మాటను ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను: "అప్పటికి నాకు ఏడేళ్ళు ప్రభూ. పిల్లవాడి జ్ఞాపకం ప్రమాణం కాదు."

శాస్త్రప్రకారం అది తప్పు మాట కాదు. విద్యార్థులకు పాఠం చెప్పవలసి వస్తే ఇప్పుడూ అదే చెబుతాను.

దొరగారి చేతులు విడిపోయాయి. వాటిని ఏం చేయాలో తెలియనట్టు ఒక క్షణం చూసుకుని, పట్టుపంచెకు తుడుచుకున్నారు. అవి పొడిగానే ఉన్నాయి. పురోహితులు ఉద్ధరిణితో నీళ్ళు అందించారు. దొరగారు ఆచమనం చేశారు. మేళం మళ్ళీ మొదలయింది.

తాయమ్మ వాకిలి వైపు నడిచింది. గురప్ప చేతి కుదురు తీసుకుని వాకిలి నడుమ నేల మీద పెట్టి, దాని మీద కడవ దించి, పక్కకు జరిగి నిలబడింది. కడవను తీయించాలంటే ఎవరో ఒకరు ముట్టుకోవాలి. ఎవరూ ముందుకు రాలేదు. దొరగారు మళ్ళీ ఎక్కి కూర్చున్న పల్లకీ దాని కుడిపక్కగా పోయింది. బోయీలు గోడకు ఒరుసుకుంటూ నడిచారు. పురోహితులు ఉత్తరీయం ఎత్తిపట్టుకుని ఎడమపక్కగా పోయారు. బడిపిల్లలు, పన్నీరు బుడ్లు, ఏనుగు లేక తెచ్చిన రెండు గుర్రాలు, అన్నీ ఆ కడవను చుట్టి రెండు పాయలుగా లోపలికి పోయాయి. నేను కూడా చుట్టి వచ్చాను. నిండుగా ఉంది, తోరణం ఎరుపు అందులో పడి కదులుతూ ఉంది. పొద్దు వాలేముందు గురప్ప వచ్చి తీసుకుపోయాడట.

ఆ సాయంత్రమే దివాను గారి కచేరీలో మహజరు రాశాను. ఆయన మర్యాదస్తుడు, నాకు స్వయంగా కుర్చీ లాగి వేశారు.

"మీరు అబద్ధం రాయనక్కరలేదు సార్. జలస్వీకారం జరిగింది, రాయండి. స్థిరపరచిన మాన్యాల పట్టిక ఇదిగో. దీనిలో లేనిది రాయవద్దు, అంతే."

పట్టికలో గుడి మాన్యం, మేళం మాన్యం, పురోహితుల మాన్యం ఉన్నాయి. చెరువు తోక కింది పదకొండు ఎకరాలు లేవు. జమీందారీలు పోతాయని అప్పటికే అందరూ అనుకుంటున్నారు. పోయేలోగా దొరల సొంత కమతంలో, అంటే సొంత సాగు భూమిలో, చేరినది చేరినట్టు మిగులుతుంది.

"నీరుగంటివారిది..." అన్నాను.

"మాట పుట్టలేదు కదా సార్? మాట పుడితే కదా మాన్యం? అది వాళ్ళ ఆచారమే. మీ నాయనగారు మాత్రం అన్నీ రాశారా ఏమి?"

సంతకం చేశాను. చివరనే చేశాను.

ఇరవై రోజులకు చెరువు తోక కింద కొలత గొలుసు, జెండా కర్రలు కనిపించాయి. ఆ పొలంలో రాగి కంకి మీద ఉంది. నాలుగు రోజుల తరువాత తాయమ్మ, గురప్ప ఇద్దరూ మా ఇంటి ముందుకు వచ్చారు. గురప్ప చిత్తూరులో వకీలును కలిసి వచ్చాడు. మార్చి మూడవ తేదీన అక్కడి కలెక్టరు కచేరీలో ఈ మాన్యం మీద విచారణ.

"వకీలు ఒకటే మాటన్నాడు సామీ," అన్నాడు గురప్ప. "సూసినోడు ఎవుడన్నా ఉంటే పిలుచుకోని రమ్మన్నాడు. పై కులమోడైతే మరీ మంచిదన్నాడు. సూసినోళ్ళు ఎందురో ఉండారు, మావోళ్ళు. మా మాట రాసుకోరంట."

"రాసి ఇస్తాను గురప్పా. అంతా వివరంగా రాసి ఇస్తాను."

"రాత పనికి రాదంట. మహజరు మీద నీ సంతకం ఉండాది గదా. ఈ కాయితం మీదా అదే సంతకం ఉంటే, ఏది నిజమంటారంట. నువ్వే వచ్చి నిలబడి నోటితో సెప్తే ఇంటారంట."

నేను పదకొండేళ్ళుగా కోనమంగళం దాటి పోలేదు. నలుగురి ముందు మాట్లాడి అంతకన్నా ఎక్కువ కాలమే అయింది, ఆ శనివారం తప్ప. ఆ సంగతి వారికి చెప్పలేదు. అరుగు మీద నుంచి లేచి, "వస్తాను" అన్నాను.

తాయమ్మ కొంగు సర్దుకుంది. "వస్తాడంట," అంది కొడుకుతో, నా వైపు చూడకుండా. "మీసాల మాట మరిసిపోవద్దని సెప్పు. అది సెప్తే ఎవురైనా నమ్ముతారు. అట్లాంటిది ఎవురూ కల్పించి సెప్పలేరు."

మార్చి మూడు, సోమవారం. తెల్లవారగానే స్నానం చేసి, ఉత్తరీయం వేసుకుని, తూర్పు వాకిలి దగ్గరికి వెళ్ళాను. బొగ్గు బస్సు వాకిలి బయటే ఆగుతుంది. వెనుక పొయ్యిలో బొగ్గు రాజేసి తిత్తి తిప్పుతున్నారు. చివరి బెంచీ మీద తాయమ్మ కొంగు కప్పుకుని కూర్చుని ఉంది. ముందు వరుసలో ఒక చోట గురప్ప తన తువ్వాలు పరిచి ఉంచాడు, నాకు.

"ఎక్కు సామీ," అన్నాడు. అతని ముఖం వెలిగింది. నేను రాననే అనుకున్నాడేమో.

మెట్టు మీద కాలు పెట్టాను. విచారణలో మొదట తేదీ అడుగుతారు. క్రోధి వైశాఖం, తదియా, పంచమియా? నాయన రాసిన మహజరులో తదియ అని చదివిన గుర్తు. మొన్న కార్యక్రమ పత్రానికి నేను తీసుకున్న నోటులో పంచమి అని ఉన్నట్టు మరొక గుర్తు. తిథి తప్పు చెబితే మిగిలినదంతా తప్పంటారు. కాలు దించాను.

"ఒక్క నిమిషం గురప్పా. రికార్డు గదిలో ఒకటి చూసుకుని వస్తాను."

"ఇప్పుడేంటికి సామీ? ఏం సూసేది? అంతా నీ కండ్లలోనే ఉండాది గదా!"

"తిథి చూడాలి. ఇప్పుడే వస్తాను."

వెనుక నుంచి కండక్టరు గొంతు వినిపించింది: "అయ్యోరు పంచాంగం తెచ్చుకుంటాడంట! బిరీన రమ్మనప్పా, బొగ్గు ఆరిపోతా ఉండాది!" బస్సులో నవ్వులు.

రికార్డు గది తాళం ఎప్పటిలాగే రెండోసారికి తెరుచుకుంది. క్రోధి సంవత్సరం కట్ట పై అరలో ఉంది. తాడు ముడి విప్పి, మహజరు తీసి, కిటికీ దగ్గరికి తెచ్చాను. తదియ. నా నోటులో కూడా తదియే ఉంది. పంచమి అన్నది ఎక్కడా లేదు. సరిచూసుకున్నాక మళ్ళీ కట్ట కట్టాను. తాడు ముడి సరిగా పడలేదని విప్పి మళ్ళీ వేశాను. అప్పుడు మొదటిసారి హారన్ వినిపించింది. రెండోసారి వినిపించినప్పుడు కట్టను అరలో వరుసకు సర్దుతున్నాను. మూడోసారి చాలాసేపు మోగింది. గురప్పే డ్రైవరును బతిమాలి మోగించి ఉంటాడు. నేను ఆ గది మధ్య నిలబడి ఉన్నాను. తలుపు తెరిచే ఉంది. వాకిలికి నూట ఇరవై అడుగులు. కార్యక్రమం కోసం నేనే కొలిచాను. ఇంజను చప్పుడు పుత్తూరు రోడ్డు మలుపు దాకా వినబడి, ఆ తరువాత లేదు.

విచారణ ఆ పూటే ముగిసింది. సాక్షి రాలేదని రాసుకున్నారట. రాగి పంట దివాను గారి మనుషులు కోశారు. ఉగాదికి ముందే నీరుగంటి వాడలో పదహారు గడపలు కోలారు గనులకు తరలిపోయాయి. చెరువు తూము దగ్గర ఇప్పుడు ఎవరూ కాపలా లేరు.

తాయమ్మ ఒక్కసారి మాత్రం వచ్చింది, ప్రయాణమయ్యే ముందు. అదే చోట, అరుగుకు పది అడుగుల దూరంలో నిలబడింది. నేను జరిగినదంతా రాసి పెట్టానని, కొడుకుతో పంపమంటే పంపుతానని చెప్పాను.

"నీ కాడే ఉండనీ సామీ," అంది. కోపం లేదు. "నాకు సదవను రాదు. దొర సేతులు ముందుకొచ్చినాయి గదా, ఆ పొద్దు నువ్వు ఊ అనింటే సాలు. ఇంగ ఏ దొర వస్తాడు ఈ వాకిట్లోకి? నీళ్ళు పోసేదానికి నేనుంటానా?"

రెండడుగులు వేసి తిరిగి, "మీ నాయన గూడా మంచోడే," అని వెళ్ళిపోయింది.

పై విషయాలు నేను కళ్ళారా చూసినవి, చెవులారా విన్నవి. క్రోధి నామ సంవత్సర వైశాఖ శుద్ధ తదియ నాడు పెద్ద దొరగారు నీరుగంటి వాడ పెద్దామె చేతి నీళ్ళు తాగి, "మీ నీళ్ళు తాగినాను, మీ నేల మీదే" అనడం కూడా నేను చూశాను, విన్నాను. ఆయన మీసాలు తడిశాయి. ఊరు నవ్వింది. మా నాయన నవ్వారు. నేను నవ్వాను.

ఇది రాసినది జయరావు. కింద సంతకం చేసి, నాలుగు మడతలు పెట్టి, క్రోధి సంవత్సరం కట్టలో మా నాయన మహజరు కింద ఉంచి, తాడు ముడి వేసి, పై అరలో పెడుతున్నాను.